వంటింటి గుమ్మం నుంచి చూస్తే ఏ టీవీ మంచిది?

మా ఇంట్లో టీవీని అందరికంటే ఎక్కువ సేపు చూసేది అమ్మ. కానీ ఆమె టీవీకి ఎదురుగా కూర్చుని చూడటం నాకు గుర్తు లేదు. సాయంత్రం ఏడు దాటితే వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుంటుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, చెవి కుక్కర్ విజిల్ మీద, కన్ను సీరియల్ మీద పెడుతుంది. రెండేళ్ల కిందట 50 అంగుళాల కొత్త టీవీ గోడకెక్కిన మూడో రోజున అడిగింది: "ఒరేయ్, ఇందులో అందరూ విభూతి రాసుకున్నట్టు కనిపిస్తున్నారేమిటిరా?"

సోఫాలో కూర్చున్న నాకు బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. నవ్వేసి ఊరుకున్నాను. మర్నాడు ఏదో పని మీద గుమ్మం దగ్గర నిలబడి అటు చూస్తే అమ్మ చెప్పిందే నిజమని తెలిసింది. నల్లంచు పట్టుచీర బూడిదరంగు అంచు చీర అయిపోయింది. మనుషుల ముఖాల్లో రక్తం లేదు. మళ్లీ సోఫా దగ్గరకు నడిచాను. నాలుగడుగులు వేసేసరికి నలుపు నలుపైంది. టీవీలో లోపం లేదు. దాన్ని ఎంచుకునేటప్పుడు సోఫాను మాత్రమే లెక్కలోకి తీసుకున్న నాలోనే ఉంది.

ఇక్కడ నేను పోలుస్తున్నవి సుమారు 25 వేల నుంచి 60 వేల రూపాయల మధ్య దొరికే 43, 50, 55 అంగుళాల టీవీలు. లక్ష దాటిన ఓఎల్‌ఈడీల సంగతి వేరు. పడకగదిలో పెట్టుకునే 32 అంగుళాల టీవీకి ఇంత ఆలోచన అక్కర్లేదు.

ఐపీఎస్సా, వీఏనా

ఈ ధరలో ఉన్న టీవీలన్నీ, పెట్టె మీద ఏ పేరు రాసి ఉన్నా, ఎల్‌సీడీలే. వెనక ఎల్‌ఈడీ దీపాలు వెలుగుతూ ఉంటాయి. ముందున్న ద్రవస్ఫటికాల పొర కిటికీ రెక్కల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఆ వెలుతురును వదులుతుంది, ఆపుతుంది. నలుపు కనిపించాలంటే రెక్కలు పూర్తిగా మూసుకోవాలి. ఆ మూసుకునే పద్ధతిలోనే వీఏ, ఐపీఎస్ అనే రెండు దారులున్నాయి.

వీఏ తెరలో స్ఫటికాలు నిటారుగా నిలబడి ఉంటాయి. వెలుతురును గట్టిగా ఆపగలవు. తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు నిష్పత్తి సాధారణంగా 3000కు 1 లేదా అంతకంటే ఎక్కువ ఉంటుంది. చీకటి దృశ్యాలు బావిలోకి తొంగి చూసినట్టు లోతుగా కనిపిస్తాయి. కానీ పక్కకు జరిగి చూస్తే, ఆ నిలబడ్డ స్ఫటికాల మధ్య నుంచి వెలుతురు వేరే దారిలో బయటకు వస్తుంది. నలుపు బూడిదవుతుంది, రంగులు వెలిసిపోతాయి. అమ్మ చూసిన విభూతి అదే.

ఐపీఎస్ తెరలో స్ఫటికాలు అడ్డంగా పడుకుని, ఆ తలంలోనే తిరుగుతాయి. పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. అయితే వెలుతురును పూర్తిగా ఆపలేవు. నిష్పత్తి 1000కు 1, కాస్త అటూ ఇటూ. గదిలో దీపాలన్నీ ఆర్పేసి సినిమా పెడితే పైనా కిందా ఉండే నల్ల పట్టీలు ముదురు బూడిదరంగులో మెరుస్తూ కనిపిస్తాయి. ట్యూబులైటు వెలుగుతున్న హాల్లో మాత్రం ఈ లోపాన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే గది వెలుతురే తెర మీద పడి నలుపును ఎలాగూ పలచబరుస్తుంది.

నేను చూసిన తెలుగు ఇళ్లలో హాలు సినిమా హాలులా ఉండదు. ఒకరు సోఫాలో, ఒకరు దీవాన్ మీద, పిల్లలు నేల మీద, పెద్దాయన పడక కుర్చీలో, ఇంకొకరు గుమ్మం దగ్గర ఉంటారు. దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. అలాంటి ఇంటికి నేనైతే ఐపీఎస్ అంటాను. ఇద్దరే ఉండే ఇల్లు, టీవీకి నేరుగా సోఫా, రాత్రి పదికి దీపాలార్పి సినిమా చూసే అలవాటు ఉంటే కళ్లు మూసుకుని వీఏ తీసుకోండి. ఐపీఎస్‌లో చీకటి సన్నివేశాలు మీకు ప్రతి రాత్రీ చిరాకు తెప్పిస్తాయి.

చిక్కేమిటంటే, ఏ తెర ఉందో పెట్టె మీద రాయరు. ఎల్‌జీ మధ్యశ్రేణి టీవీల్లో ఐపీఎస్ తరహా తెరలు ఎక్కువని పేరున్నా, ఒకే కంపెనీ ఒకే వరుసలో 43కు ఒక రకం, 55కు మరో రకం తెర వాడటం మామూలే. అందుకని కాగితాన్ని నమ్మకుండా షాపులోనే తేల్చుకోవాలి. ఏదైనా చీకటి దృశ్యం పెట్టించి ఎదురుగా నిలబడండి. తర్వాత తెర మీద నుంచి చూపు తీయకుండా నెమ్మదిగా పక్కకు నడవండి. ఐదారు అడుగుల్లో నలుపు పాలిపోతే అది వీఏ. ఎంత పక్కకు వెళ్లినా రంగు నిలిచి, నలుపు మాత్రం మొదటి నుంచీ కాస్త బూడిదగానే ఉంటే ఐపీఎస్. పిల్లలకు కూడా చేతనయ్యే పరీక్ష ఇది. సేల్స్ కుర్రవాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇంకో సంగతి. షాపు గోడ మీద టీవీలన్నీ రంగులూ వెలుగూ బాగా పెంచే వివిడ్ మోడ్‌లో ఉంటాయి. వాటిలో తిరిగేది కంపెనీ ఇచ్చిన వీడియో. రామచిలుకలు, కోసిన దానిమ్మకాయలు, మంచుకొండలు. ఆ దానిమ్మకాయ ఏ టీవీలోనైనా నోరూరిస్తుంది. మీ ఇంట్లో రోజూ నడిచేది దానిమ్మకాయ కాదు కనుక, ఒక పెన్‌డ్రైవ్‌లో మీరు చూసే సినిమాలోని రాత్రి సన్నివేశం ఒకటి, మనుషుల ముఖాలు దగ్గరగా ఉన్న సన్నివేశం ఒకటి వేసుకుని వెళ్లండి. వీలైతే సెట్‌టాప్ బాక్సులో మామూలు ఛానెల్ పెట్టమని అడగండి. ఎందుకో కిందకు వెళితే తెలుస్తుంది.

43, 50, 55: గోడ కొలత, కాళ్ల కొలత

అంగుళాల లెక్క తెర మూల నుంచి మూలకు. 43 అంగుళాల తెర వెడల్పు సుమారు 95 సెంటీమీటర్లు, 50ది 111, 55ది 122, 65ది 144. అంగుళాల్లో తేడా 12గా కనిపించినా, 55 అంగుళాల తెర వైశాల్యం 43 కంటే 60 శాతానికి పైగా ఎక్కువ. చుక్కలు ఎక్కువగా ఉండే 4కే తెరకైతే అంగుళాలను ఒకటిన్నరతో హెచ్చవేసినంత దూరంలో కూర్చుంటే చాలు. అంటే 43కు ఐదున్నర అడుగులు, 55కు ఏడడుగులు, 65కు ఎనిమిది పైచిలుకు. మన హాళ్లలో సోఫాకూ గోడకూ మధ్య తొమ్మిది పది అడుగులుండటం మామూలే. అందుకే 55 చాలా ఇళ్లకు పెద్దదేమీ కాదు. కొన్న వారం పాటు పెద్దదిగా కనిపిస్తుంది, అంతే. గోడ మీద ఎంత చోటు పడుతుందో ముందే చూసుకోవాలంటే పాత దినపత్రికలు అతికించి చూడటం అన్నింటికంటే తేలిక.

అందరూ మరచిపోయేది టీవీ కాళ్లు. ఈనాటి చాలా టీవీలకు మధ్యలో ఒక పీఠం కాకుండా, రెండు చివర్లా రెండు కాళ్లుంటాయి. 55 అంగుళాల టీవీకి ఆ కాళ్ల మధ్య దూరం మూడడుగులు దాటిపోవచ్చు. మీ పాత టీవీ స్టాండు రెండున్నర అడుగులదైతే కొత్త టీవీ కాలు గాలిలో ఉంటుంది. గోడకు బిగించదలచుకుంటే ఈ బెంగ లేదు.

ఇరవై చుక్కల్లో ఒకటి

మా పెద్దమ్మ తెనాలిలో ఉంటుంది. నిరుడు కొడుకు ఆమెకు 55 అంగుళాల 4కే టీవీ కొనిచ్చి వెళ్లాడు. వారం తిరక్కుండా నాకు ఫోను: "పాత టీవీయే నయం నాయనా, ఇందులో మొహాలు చదును చేసినట్టున్నాయి." వెళ్లి చూస్తే, టీవీ వెనక పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న పాత వైరు. కేబుల్ బాక్సు పాతదే, వైరూ పాతదే. దానికి తోడు పాత చదరపు బొమ్మను వెడల్పు తెరకు సాగదీసే సెట్టింగు ఆన్‌లో ఉంది. కథానాయిక బుగ్గలు రెండు పక్కలకూ పొంగిపోయి ఉన్నాయి.

లెక్క వేసి చూడండి. మామూలు ఛానెల్ ప్రసారంలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. 4కే తెరలో 3840, 2160. అంటే తెర మీద ఇరవై చుక్కలుంటే ప్రసారంలో వచ్చేది ఒక్కటే. మిగతా పందొమ్మిదీ టీవీలోని ప్రాసెసర్ ఊహించి నింపాలి. ఈ ఊహించే నేర్పును అప్‌స్కేలింగ్ అంటారు. మధ్యశ్రేణిలో బ్రాండుకూ బ్రాండుకూ నిజమైన తేడా కనిపించేది ఇక్కడే. సోనీకి ఈ విషయంలో చాలాకాలంగా మంచి పేరుంది, శాంసంగ్, ఎల్‌జీ కూడా ఫరవాలేదు. తక్కువ ధరకు పెద్ద తెర ఇచ్చే బ్రాండ్లలో చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. మీ ఇంట్లో టీవీ ముప్పాతిక వంతు కేబుల్ మీదే నడిచేటట్లయితే, అదే డబ్బుకు వచ్చే పెద్ద చవక తెర కంటే ఒక మెట్టు చిన్నదైనా మంచి ప్రాసెసర్ ఉన్నది మేలు. మామూలు ఛానెళ్లు తప్ప మరేమీ చూడని ఇంటికి 55 కంటే 43లోనే బొమ్మ పొందికగా కనిపిస్తుంది. చిన్న తెర మీద లోపాలూ చిన్నవే.

పెద్దమ్మ ఇంటి కథకు వస్తే, కేబుల్ ఆపరేటర్ దగ్గర హెచ్‌డీ బాక్సు తీసుకుని, హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, సాగదీసే సెట్టింగు తీసేశాం. ఈటీవీ, స్టార్ మా, జెమిని, జీ తెలుగు నాలుగింటికీ హెచ్‌డీ ఛానెళ్లున్నాయి, నెలకు కొంత అదనం. పాత టీవీ మాట పెద్దమ్మ మళ్లీ ఎత్తలేదు. కొత్త టీవీ కొనే ముందు, ఇప్పుడున్న టీవీకి ఈ మూడు పనులూ చేశారో లేదో చూసుకోండి. ఒక్కోసారి అసలు కొనక్కర్లేకుండానే పోతుంది.

ఓటీటీ చూసేవాళ్లకు వేరే లెక్క. 4కే బొమ్మ నికరంగా రావాలంటే సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల ఇంటర్నెట్ కావాలి, చందాలో కూడా 4కే ఉన్న పై ప్లానే తీసుకోవాలి. చాలామంది మధ్య ప్లాన్‌లో ఉండి టీవీని తిట్టుకుంటుంటారు. వైఫై రౌటర్ మరో గదిలో ఉంటే, టీవీకి 5 గిగాహెర్ట్జ్ వైఫై అందుతుందో లేదో చూడండి. ఆ తరంగం వేగంగా వెళ్తుంది కానీ గోడలు దాటడంలో నీరసం.

పెట్టె మీది పేర్లు

ఓఎల్‌ఈడీకీ క్యూఎల్‌ఈడీకీ పేరులో తేడా ఒక్క అక్షరం, తయారీలో తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. మొదటిదానిలో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే ఆరిపోతుంది. రెండోది మనం పైన చెప్పుకున్న ఎల్‌సీడీయే. వెనకనున్న నీలి వెలుతురుకు క్వాంటం డాట్లనే, వెలుతురు రంగు మార్చే సూక్ష్మ కణాల పొర తగిలించి ఎరుపు, ఆకుపచ్చలను శుద్ధంగా రాబడతారు. రంగులు నిజంగానే బాగుంటాయి, ముఖ్యంగా పట్టుచీరల ఎరుపులో తేడా తెలుస్తుంది. నలుపు మాత్రం ఏమీ బాగుపడదు. మూడు నాలుగు వేల తేడాలో దొరికితే తీసుకోవచ్చు. పదివేలు ఎక్కువ పెట్టక్కర్లేదు.

మినీ ఎల్‌ఈడీ సంగతి కాస్త వేరు. వెనక దీపాలను చిన్నవి చేసి, వందల భాగాలుగా విడగొట్టి, బొమ్మలో చీకటి ఉన్నచోట దీపాన్ని తగ్గిస్తారు. నలుపు నిజంగా బాగుపడేది దీనితోనే. టీసీఎల్, హైసెన్స్ లాంటివి వీటిని మధ్యశ్రేణి పై అంచుకు దించుతున్నాయి. 55 అంగుళాలది మీ బడ్జెట్‌లోకి వస్తే, ఈ జాబితాలో అదనంగా డబ్బు పెట్టదగిన పేరు ఇదొక్కటే.

హెచ్‌డీఆర్, డాల్బీ విజన్ ముద్రలు ఇప్పుడు ప్రతి పెట్టె మీదా ఉంటాయి. వెలుగునూ చీకటినీ మరింత తేడాతో చూపేలా తీసిన సినిమాలను టీవీ చదవగలదని వాటి అర్థం. ఆ సినిమాలను తయారుచేసేది 1000 నిట్లు (నిట్ అంటే తెర వెలుగుకు కొలత), ఆపైన వెలుగు చూపించగల తెరల కోసం. మధ్యశ్రేణి మామూలు టీవీ ఇచ్చేది 250 నుంచి 350 నిట్లు. ఆ ఫైలును టీవీ చదువుతుంది, దానిలోని వెలుగును చూపించలేదు. చెంబుతో చెరువు నీళ్లు పట్టినట్టు ఉంటుంది. కొన్ని టీవీల్లో హెచ్‌డీఆర్ సినిమా మామూలు దానికంటే చీకటిగా కనిపించడానికి కారణం ఇదే. ముద్రను చూసి కాదు, నిట్ల సంఖ్యను చూసి కొనండి. 500 దాటితే కాస్త ప్రయోజనం కనిపిస్తుంది.

120 హెర్ట్జ్ తెర, అంటే సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చగల తెర, కావాలా? ఇంట్లో ప్లేస్టేషన్ 5 లాంటిది ఉంటే కావాలి, దానితోపాటు హెచ్‌డీఎంఐ 2.1 ఉందో లేదో చూడాలి. క్రికెట్ కోసమని చెప్పి అమ్మితే మాత్రం నమ్మకండి. మన దేశంలో ప్రసారం నడిచేది 50 హెర్ట్జ్ మీద. 60 హెర్ట్జ్ తెర దానికి చాలు. సినిమాలకు ఒక చిన్న లాభం ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 120ని 24తో భాగిస్తే సరిగ్గా ఐదు వస్తుంది, 60ని భాగిస్తే రెండున్నర. ఆ అరను సర్దడానికి టీవీ ఒక ఫ్రేమును మూడుసార్లు, తర్వాతి దాన్ని రెండుసార్లు చూపిస్తుంది. అందుకే కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో సన్నని కుదుపు కనిపిస్తుంది. పట్టి పట్టి చూసేవాళ్లకే అది తెలుస్తుంది.

ఏ టీవీ కొన్నా, ఇంటికి వచ్చిన రోజే రెండు మీటలు నొక్కండి. బొమ్మను సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కు మార్చండి. మొదట పసుపుపచ్చగా, నీరసంగా కనిపిస్తుంది, రెండు రోజులు ఓపిక పట్టండి. ఎంఈఎంసీ అనో, మోషన్ అనో పేరుండే, ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు చొప్పించే సెట్టింగును సినిమాలకు ఆపేయండి. లేకపోతే కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా స్టూడియోలో తీసిన సీరియల్‌లా జారుతూ కనిపిస్తుంది. క్రికెట్‌కు కొద్దిగా ఉంచితే బంతి తోక లేకుండా కదులుతుంది.

తెర కంటే ముందు ముసలిదయ్యేది

టీవీ తెర ఏడెనిమిదేళ్లు సులువుగా వస్తుంది. దానిలోని సాఫ్ట్‌వేర్‌కు మూడేళ్లకే ఆయాసం మొదలవుతుంది. యాప్‌లు బరువెక్కుతాయి, రిమోట్ నొక్కాక రెండు సెకన్లు ఆలోచిస్తుంది. కొంతకాలానికి ఒకటో రెండో యాప్‌లు పనిచేయడం మానేస్తాయి. గూగుల్ టీవీ అనే సాఫ్ట్‌వేర్‌లో యాప్‌లు ఎక్కువ, కానీ మెమరీ తక్కువైతే ఈడ్చుకుంటూ నడుస్తుంది. దానికి 2 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ కనీసం ఉండాలి. ఇప్పటికీ 1 జీబీతో అమ్మేవాళ్లున్నారు. అది ఎంత చవకైనా వద్దు. శాంసంగ్ టైజెన్, ఎల్‌జీ వెబ్‌ఓఎస్‌లలో యాప్‌లు తక్కువ, కానీ అదే మెమరీతో చురుగ్గా ఉంటాయి. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్ లాంటి తెలుగు యాప్‌లు మీ ఇంట్లో ముఖ్యమైతే, మీరు కొనే మోడల్‌లో అవి ఉన్నాయో లేదో షాపులోనే రిమోట్ అడిగి వెతికి చూడండి. "ఉంటాయి సార్" అన్న మాట చాలదు.

అయినా దీని గురించి మరీ బెంగ వద్దు. సాఫ్ట్‌వేర్ ముసలిదైతే మూడు నుంచి ఐదు వేలల్లో యాప్‌లు నడిపే ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొని హెచ్‌డీఎంఐకి తగిలిస్తే టీవీకి మళ్లీ పడుచుదనం వస్తుంది. తెర పాలిపోతే అతికించడానికి ఏ స్టిక్కూ లేదు. కాబట్టి ఒకే ధరలో మంచి తెర, మంచి సాఫ్ట్‌వేర్ రెండింట్లో ఒకటే దొరికితే తెర వైపే మొగ్గండి.

చెవులకు

టీవీ పలచబడినకొద్దీ దాని గొంతు పీలబడింది. స్పీకర్లు కింది అంచులో నేలను చూస్తూ ఉంటాయి. 20 వాట్లు, 30 వాట్లు అని రాసినా, మా నాన్నలాంటి డెబ్బై దాటినవాళ్లకు వినిపించేది నేపథ్య సంగీతమే, మాట కాదు. వాల్యూమ్ పెంచితే సంగీతమూ పెరుగుతుంది, పక్కింటివాళ్ల ముఖం మాడుతుంది. మాటను పైకి తెచ్చే క్లియర్ వాయిస్ లాంటి సెట్టింగు చాలా టీవీల్లో ఉంటుంది. దానితో కొంత నయం. అసలు మందు సౌండ్‌బార్. నా లెక్కలో 45 వేల బడ్జెట్ ఉంటే 45 వేల టీవీ కంటే 38 వేల టీవీ, 7 వేల సౌండ్‌బార్ ఎక్కువ సుఖం. బార్ మధ్యలో మాటల కోసం విడిగా స్పీకర్ ఉన్నది చూసి తీసుకోండి. టీవీకి ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని రాసిన హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో చూస్తే, ఒకే రిమోట్‌తో రెండూ నడుస్తాయి. నాన్నకు బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొనిచ్చాను. పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తోందని రెండో రోజే తీసి పక్కన పెట్టేశారు.

సర్వీసు, కరెంటు, బల్లులు

మా మొదటి టీవీ అనుభవం ఒకటి. కొన్న ఇరవై ఆరో నెలలో తెర మధ్యన సన్నని నిలువు గీత ఒకటి వచ్చింది. వారంటీ ఏడాది. సర్వీసు మనిషి వచ్చి చూసి, ప్యానెల్ మార్చాలి అన్నాడు. చెప్పిన ధరకు మరో నాలుగు వేలు కలిపితే కొత్త టీవీ వస్తుంది. ఇది ఆ ఒక్క కంపెనీ దోషం కాదు. ఏ టీవీలోనైనా ధరలో సింహభాగం ప్యానెల్‌దే. అందుకని ప్యానెల్‌కు రెండో ఏడాది వారంటీ ఉన్నదాన్ని, ఉన్నా లేకున్నా డబ్బు పెట్టి వారంటీ పెంచుకునే వీలున్నదాన్ని ఎంచుకోండి. పిల్లాడు బంతి విసిరి పగిలితే మాత్రం మామూలు వారంటీ ఆదుకోదు.

సర్వీసు విషయంలో బ్రాండు పేరు కంటే మీ ఊరి పేరు ముఖ్యం. హైదరాబాద్‌లో రెండో రోజే మనిషిని పంపే కంపెనీ, మీరు ఉండేది మండల కేంద్రమైతే రెండు వారాలు తిప్పవచ్చు. కొనే ముందు మీ ఊళ్లో ఆ బ్రాండు టీవీ ఉన్న ఇంటివాళ్లను అడగండి. ఆన్‌లైన్‌లో వందల సమీక్షల కంటే పక్క వీధి మాస్టారి ఇంటి సంగతి ఎక్కువ పనికొస్తుంది.

బ్రాండ్ల మీద భక్తి కూడా మరీ అక్కర్లేదు. డిక్సన్ లాంటి సంస్థ తిరుపతిలోని కర్మాగారంలో వేరే కంపెనీల పేర్లతో టీవీలు తయారు చేస్తుంది. పేరు అమ్మేది ఒకరు, బిగించేది ఒకరు, తెర ఇచ్చేది మరొకరు. మీరు నిజంగా కొంటున్నది ఒక తెర, ఒక ప్రాసెసర్, మీ ఊరికి వచ్చే ఒక సర్వీసు మనిషి.

ధర విషయంలో ఒక మార్పు గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు పైబడిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. అంతకుముందు సమీక్షల్లో కనిపించే "ఈ ధరలో 43 చాలు" లాంటి మాటలు ఇప్పుడు కొంత పాతబడ్డాయి. దసరా, సంక్రాంతి అమ్మకాల్లో నిరుటి మోడల్ దొరికితే మొహమాటపడకండి. మధ్యశ్రేణిలో ఏడాదికి ఏడాది పెద్దగా మారేది పేరు చివరి అంకె.

కరెంటు బిల్లు గురించి అడుగుతుంటారు. 55 అంగుళాల టీవీ సుమారు 120 వాట్లనుకుంటే, రోజుకు ఐదు గంటలకు నెలకు 18 యూనిట్లు. ఏసీతో పోలిస్తే లెక్కలోకి రాదు. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, రెండు మోడళ్లు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. చాలా టీవీలు 100 నుంచి 240 వోల్టుల వరకు తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు. పిడుగుకు మాత్రం ఏ స్టెబిలైజరూ పూర్తి హామీ కాదు. ఉరుము వినిపిస్తే ప్లగ్గు తీయండి, కేబుల్ వైరు కూడా తీయండి. చాలామంది ఈ రెండోది మరచిపోతారు, పిడుగు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది.

ఇక బల్లులు. టీవీ వెనక వెచ్చగా ఉంటుంది, గాలి రంధ్రాలుంటాయి, వెలుతురుకు పురుగులు చేరతాయి. బల్లికి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. మెకానిక్ విప్పి చూపించిన ఒక బోర్డు మీద ఎండిపోయిన బల్లి రెండు కాళ్లు రెండు తీగల మీద వేసుకుని ఉంది. ఆ రెండు తీగలు కలవకూడనివట. రంధ్రాలను మూసేస్తే వేడికి చస్తుంది, ఈసారి బల్లి కాదు, టీవీ. గోడకూ టీవీకీ మధ్య జాగా ఉంచి, నెలకోసారి మెత్తని బ్రష్షుతో వెనక దులపడమే చేయగలిగింది. తెర తుడవడానికి కళ్లజోడు తుడిచే రకం పొడిగుడ్డ చాలు. అద్దాలు తుడిచే స్ప్రే కొడితే తెర మీది పూత పోతుంది.

మా గోడ మీద

అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు టీవీ మార్చడం కాదని మెల్లగా తెలిసింది. వీఏ తెరను వెనక్కి ఇచ్చే గడువు దాటిపోయింది. గోడకు బిగించిన స్థిరమైన బ్రాకెట్ తీసేసి, ముందుకు లాగి పక్కకు తిప్పగల చేయి ఉన్న బ్రాకెట్ పెట్టించాను. రెండువేల రూపాయల పైచిలుకు. గోడ గట్టిదై ఉండాలి, తెర వెనక వైర్లకు చేయి చాచినంత పొడవుండాలి. కొనే ముందే తెలిసి ఉంటే, ఆ డబ్బును టీవీతోపాటే లెక్కలో వేసుకునేవాణ్ణి.

ఇప్పుడు సాయంత్రం ఏడుకు నాన్న లేచి టీవీని గుమ్మం వైపు తిప్పుతారు. తొమ్మిదికి వార్తల వేళ మళ్లీ తన కుర్చీ వైపు తిప్పుకుంటారు. ఆ చేయికి నూనె వేయమని రెండు నెలలుగా అంటున్నారు. నేను వేయలేదు. లోపలి గదిలో ఉన్నా ఆ కిర్రుమనే చప్పుడు వినిపిస్తే, అమ్మ సీరియల్ అయిపోయిందనీ, అన్నానికి పిలుస్తారనీ తెలుస్తుంది.